తీసేసిన దగ్గులు

కంప్యూటరు తెర మీద మాట ఒక రకంగా కనిపిస్తుంది, దగ్గు ఇంకో రకంగా. మాట మెల్లగా లేస్తుంది, కాసేపు సాగుతుంది, మెల్లగా దిగుతుంది. దగ్గుకి ఆ మర్యాదలేవీ లేవు. నిట్టనిలువునా లేచి లేచినచోటే కూలబడుతుంది. నాలుగేళ్ళుగా ఇదే పని కాబట్టి కోడలికి చెవిపెట్టి వినాల్సిన అవసరం కూడా లేదు. గీత చూస్తే చాలు, ఇది మాట, ఇది పేజీ తిప్పిన చప్పుడు, ఇది కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఇది మామగారి దగ్గు అని చెప్పేస్తుంది.

సోమవారం ఉదయం ముప్ఫై ఒకటో అధ్యాయం మొదటి రెండు పేజీల్లోనే పదకొండు దగ్గులు తేలాయి.

మందపాటి అద్దానికి అవతల మైకు ముందు కూర్చున్న మామగారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఇటు చూశారు. ఇక్కడ మీట నొక్కితే తప్ప ఇటు మాట అటు వినపడదు. అందుకని ఇద్దరికీ సైగలు బాగా అలవాటైపోయాయి. ఎన్ని అన్నట్టు ఆయన కనుబొమ్మలెగరేశారు. కోడలు నాలుగు వేళ్ళు చూపించింది. ఆయన మొహం విప్పారింది. నాలుగేగా అన్నట్టు తలాడించి మళ్ళీ పేజీలోకి వంగారు. అబద్ధమాడటానికి నోరు కూడా అక్కర్లేదని ఆ అద్దం దగ్గర కూర్చున్నాకే ఆమెకి తెలిసింది.

చూపు లేని విద్యార్థుల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చిన్న సంస్థ అది. మామగారిది ముప్ఫై రెండేళ్ళపాటు బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పిన గొంతు. ఆ గొంతు "ఆలస్యానికి చింతిస్తున్నాం" అంటే ప్రయాణికులు నిజంగా చింతిస్తున్నారనే అనుకునేవారట. రిటైరయ్యాక ఆ గొంతు ఇక్కడికొచ్చింది. వెనకాలే కోడలికీ ఇక్కడ పని దొరికింది. ఇప్పుడు చదువుతున్నది వెయ్యి పేజీల చట్టం పుస్తకం. ముప్ఫై ఆరు అధ్యాయాలు. మొదలుపెట్టి ఏడు నెలలయింది. ఇంకో నెలన్నరలో పరీక్షలు. ఒక పుస్తకానికి ఒకటే గొంతు అన్నది ఇక్కడి కట్టుబాటు. చదివేవాళ్ళు మధ్యలో మారితే మొదటి పేజీ నుంచి అంతా మళ్ళీ చదవాల్సిందే. అంటే మామగారు ఇప్పుడు ఆగితే ఏడు నెలల పనీ నీళ్ళపాలు, విద్యార్థులు పరీక్షకి పుస్తకం లేకుండా పోవాలి.

ఆమె దగ్గులు ఒక్కొక్కటే తీస్తూ పోయింది. తీయడం పెద్ద పని కాదు. తీసినచోటు పూడ్చడమే పని. వట్టి ఖాళీ వదిలేస్తే వినేవాడి చెవి గుంతలో పడ్డట్టు ఉలిక్కిపడుతుంది. మనుషులెవరూ మాట్లాడకపోయినా గదికి తనదంటూ ఒక చప్పుడుంటుంది. ఆ చప్పుడుతోనే గుంత పూడ్చాలి. అందుకే రోజూ చదవడం మొదలుపెట్టేముందు మామగారు మైకు ముందు నోరు మూసుకుని ఒక నిమిషం కూర్చుంటారు. ఆ నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేసి, దాంట్లోంచి ముక్కలు తీసి, రోజంతా అతుకులేస్తుంది కోడలు.

రెండు నెలలుగా ఆ నిశ్శబ్దం పనికి రావడం లేదు.

ఇవాళ పొద్దున్న రికార్డు చేసినది హెడ్‌ఫోన్‌లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మరోసారి వింది. ఉంది. ఆయన ఊపిరి వదిలిన ప్రతిసారీ, చివర్లో, సరిగా మూసుకోని కిటికీ సందులోంచి గాలి వచ్చినట్టు సన్నటి ఈల. నోరు మూసుకుని కదలకుండా కూర్చున్న మనిషి ఛాతీలోంచి. ఆమె ఆ ఫైలు మూసేసి, ఏడు నెలల కిందటి ఫైలు తెరిచింది. మొదటి అధ్యాయం చదివిన రోజు నిశ్శబ్దం అది. శుభ్రంగా ఉంది. దాంట్లోంచే ఇవాళ్టి అతుకులు కూడా వేసింది.

అవతల మామగారు చదవడం ఆపి, కుడి చేత్తో ఛాతీ మీద, భుజానికి కొంచెం కింద, బొటనవేలితో గట్టిగా నొక్కుకుంటున్నారు. ఆమె మీట నొక్కింది.

"మామయ్యా, నొప్పా?"

"గ్యాసమ్మా."

"గ్యాసు అంత పైకి వస్తుందా?"

"నాది బస్టాండు గ్యాసు. ఎక్కడికైనా వస్తుంది," అని నవ్వబోయారు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆయన మైకుకి మొహం పక్కకి తిప్పి, మోచేతి వంపులో తల దాచుకుని, భుజాలు ఎగిరెగిరిపడుతుంటే దగ్గారు. అయిపోయాక కళ్ళు తుడుచుకుని, వేడినీళ్ళు ఒక గుక్క తాగి, వేలెత్తి ఆమెని బెదిరించినట్టు ఊపారు. "పుస్తకం అయ్యేదాకా ఇంట్లో మాట రానివ్వకు. మాటిచ్చావు."

ఇచ్చింది. రెండు నెలల కిందట, ఇంకో రెండు నెలల్లో పుస్తకం అయిపోతుందని ఆయనంటే నమ్మి ఇచ్చింది. దగ్గు ఎక్కువయ్యేకొద్దీ రోజుకి చదివే పేజీలు తగ్గిపోయాయి. పుస్తకం అలాగే సాగుతోంది.

ఆ సాయంత్రం అందరూ ముందుగదిలో ఉండగా అత్తగారు ఉన్నట్టుండి అన్నారు: "ఏవండీ, ఆ దగ్గేమిటి? స్నానాలగదిలో కొళాయి తిప్పుకుని మరీ దగ్గుతున్నారు. నాకు చెవులు లేవనుకున్నారా?"

కోడలి చేతిలో మడతపెడుతున్న తువ్వాలు అక్కడే ఆగిపోయింది.

మామగారు ఏమీ తొణకలేదు. ఫోను తీసి, పోయినవారం పూర్తయిన ముప్ఫయ్యో అధ్యాయం పెట్టి బల్లమీద నిలబెట్టారు. "విను. దగ్గేవాడి గొంతు ఇలా ఉంటుందా?"

గది నిండా ఆ గొంతు పరుచుకుంది. నిండుగా, తొట్రుపాటు లేకుండా, ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతూ. నలభై నిమిషాల అధ్యాయం. ఒక్క దగ్గు లేదు, ఒక్క గరగర లేదు. భర్త ఫోను చూసుకుంటూ మధ్యలో ఒకసారి "బాగుంది నాన్నా" అన్నాడు. అత్తగారు ఒళ్ళో చేతులు పెట్టుకుని చివరిదాకా విన్నారు. విన్నాక లేచి లోపలికి వెళ్ళారు. మామగారు మాత్రం తన గొంతు తానే వింటూ మురిసిపోయారు. "చూశావా అమ్మాయ్, నాకేం అయింది? ఏమీ కాలేదు," అన్నారు కోడలితో. ఆమెని ఏడిపించడానికి కాదు, నిజంగానే అన్నారు. ఆ నలభై నిమిషాల అధ్యాయంలో ఆమె తీసిన దగ్గులు నూట ముప్ఫై పైచిలుకు. కళ్ళముందు కూర్చున్న మనిషి తను కోసి కుట్టిన గొంతుని విని ధైర్యం తెచ్చుకుంటున్నాడని అర్థమయ్యేసరికి ఆమె మడతపెట్టిన తువ్వాలే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

మంగళవారం భర్త ఆఫీసు నుంచి కొంచెం ముందే వచ్చాడు. మేడ మెట్ల మలుపులో గోడకి తల ఆనించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దగ్గుతున్న తండ్రిని చూశాడు. అటూ ఇటూ చూడకుండా ఆయన్ని రెక్క పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చి కుర్చీలో కూలేశాడు.

"మళ్ళీ మొదలెట్టావు కదూ నాన్నా?"

"ఏం మొదలెట్టాను?"

"మెట్ల చాటున నిలబడి చేసే పని ఇంకేముంటుంది? సిగరెట్టు."

మామగారు ఆ మాటకి నిజంగానే తెల్లబోయారు. మానేసి ఆరేళ్ళు. బస్టాండు మైకు ముందు ఒక బస్సుకీ ఇంకో బస్సుకీ మధ్య ఒక సిగరెట్టు చొప్పున కాల్చిన మనిషి, ఒక్కరోజున మానేసి, ఆ తర్వాత ఎవరి పక్కనైనా పొగ వస్తే దూరంగా జరిగిన మనిషి. కాదని కేకలేస్తారని కోడలు అనుకుంది. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "చెప్పరేం? అడుగుతున్నాడుగా," అన్నారు.

మామగారు కొడుకు వంక చూశారు, భార్య వంక చూశారు. ఆ తర్వాత, చాలాసేపు వెతికిన వస్తువు దొరికినట్టు, మొహం తేటపడింది.

"అవును," అన్నారు. "రోజుకి ఒకటే. రెండు నెలలయింది."

ఇల్లు ఇల్లంతా ఒక్కసారి లేచింది. భర్త నిప్పులు చెరిగాడు. అరవయ్యేడేళ్ళు వచ్చాయి, సిగ్గులేదా అన్నాడు. ఆ మాట అన్నాక తనే సిగ్గుపడి గొంతు తగ్గించి, మళ్ళీ పెంచాడు. అత్తగారైతే ఊపిరి పీల్చుకోకుండా తిట్టారు. ఆరేళ్ళ కిందట మానేసినప్పుడు ఆయన పడ్డ బాధ, తను పడ్డ బాధ, ఇంట్లో విరిగిన సామాన్లు, అన్నీ ఏకరువు పెట్టారు. ఆ తిట్లన్నీ మామగారు తల వంచుకుని, వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డ మనిషిలా ఓపిగ్గా భరించారు. మధ్యలో ఒక్కసారి తలెత్తి కోడలి వంక చూశారు. ఆ చూపులో బతిమాలటం ఉంది.

చెయ్యని తప్పుకి మనిషి నడి ఇంట్లో తిట్లు తింటుంటే కోడలు చూస్తూ నిలబడింది. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో కూడా తెలియలేదు.

"ఎల్లుండి సెలవు పెడుతున్నాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఆయన చేత గడ్డి పెట్టిస్తేగాని నీకు బుద్ధి రాదు," అన్నాడు భర్త.

డాక్టరు మాట రాగానే మామగారి మొహంలో తేట పోయింది. పప్పులో కాలేసినట్టు ఆయనకప్పుడు తెలిసింది.

బుధవారం పొద్దున్న ఇంట్లో ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. అత్తగారు టీ గ్లాసు బల్లమీద చప్పుడయ్యేలా పెట్టి వెళ్ళిపోయారు. రికార్డింగు గదిలోకి వచ్చాక కోడలు మైకు సరిచేసే నెపంతో అద్దం దాటి లోపలికే వెళ్ళింది.

"ఎందుకలా చెప్పారు మామయ్యా?"

"ఏం చెప్పమంటావు? సిగరెట్టయితే తిట్లతో పోతుంది. దగ్గంటే ఆస్పత్రి. ఆస్పత్రంటే ఆ మిషన్లూ, ఆ సూదులూ, రేపు రండి, ఎల్లుండి రండి. ఇది కాక ఇంకా అయిదు అధ్యాయాలున్నాయి."

"అధ్యాయాల కోసమేనా?"

ఆయన పుస్తకం అంచులు బొటనవేలితో సరిచేశారు. ఒకసారి సరిచేసినవే మళ్ళీ సరిచేశారు. "మైకు సరిగానే ఉందిగా, వెళ్ళు," అన్నారు.

ఆ రోజు ఆయన నాలుగు పేజీలకి మించి చదవలేకపోయారు. గొంతు అంచులు గీరుకుపోతున్నాయి. మధ్యాహ్నం ఆయన బయటి బెంచీ మీద కాసేపు నడుం వాల్చినప్పుడు కోడలు పాత ఫైళ్ళు తెరిచింది. పుస్తకం పూర్తయ్యేదాకా అసలు రికార్డింగులు చెరపకూడదన్నది రూలు. అందుకని ఏడు నెలల దగ్గులూ తేదీలతో సహా అక్కడే ఉన్నాయి. నెలకొకటి చొప్పున ఏడు దగ్గులు ఏరి, పక్కపక్కన పేర్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

ఇన్నాళ్ళూ ఒక్కొక్కదాన్నీ తీసి పారేయడమే గాని వరసగా ఎప్పుడూ వినలేదు. మొదటిది గొంతులో నలకపడితే వచ్చేలాంటి పొడి దగ్గు. రెండోదీ అంతే. మూడోది కొంచెం కిందనుంచి వచ్చింది. నాలుగోది ఒకటి కాదు, వరసగా మూడు. అయిదోది ఛాతీ లోపలినుంచి. ఆరోదాని చివర ఆ ఈల. ఏడోది నిన్నటిది. అది విన్నాక ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టేసింది. ఒక జబ్బు నెలనెలా కిందకి దిగుతూ పోతుంటే, తన చేతుల మీదుగానే వెళ్తుంటే, తను ఎంత నేర్పుగా దాని జాడ చెరిపేసిందో తలుచుకుంటే భయమేసింది. పనిమంతురాలినని ఇన్నాళ్ళూ మురిసిపోయింది కూడా.

లేచి మేనేజరమ్మ గదిలోకి వెళ్ళింది. మేనేజరమ్మ నెమ్మదస్తురాలు, చేతిలో ఎప్పుడూ ఒక పెన్సిలు తిప్పుతూ ఉంటుంది.

"మేడమ్, చట్టం పుస్తకం మిగిలిన అధ్యాయాలు ఇంకొకరు చదివితే మొదటినుంచీ మళ్ళీ చదవాల్సిందేనా?"

"ఏం? మీ మామగారికేమైనా అయిందా?"

"ఊరికే అడుగుతున్నానండి."

మేనేజరమ్మ ఆమె మొహం చూసి ఊరికే కాదని గ్రహించింది. పెన్సిలు కింద పెట్టింది. "ఒకే గొంతు అన్న రూలు ఎవరు పెట్టారో తెలుసా? మీ మామగారే. చేరిన కొత్తలో ఒక పుస్తకం మధ్యలో ఇంకెవరో చదివారని పెద్ద రభస చేశారు. వినేవాడు గొంతుని నమ్ముకుని ఉంటాడు, మధ్యలో చెయ్యి వదిలేస్తామా అన్నారు. సరేనని అలాగే నడుపుతున్నాం. ఎక్కడా రాసిపెట్టలేదమ్మా. పరీక్షకి పుస్తకం అందడం ముఖ్యంగాని గొంతుదేముంది? మిగిలినవి నేనైనా చదువుతాను, నా గొంతు కాకిగొంతే అనుకో."

బయటికి వచ్చి ఆమె మళ్ళీ ఆ ఫైళ్ళ ముందే కూర్చుంది. ఇన్నాళ్ళూ పుస్తకం అడ్డం పెట్టుకుని ఆయన దాక్కున్నారు. ఆ పుస్తకం వెనకే తనూ దాక్కుంది. ఇప్పుడది లేదు. మిగిలింది తనిచ్చిన మాట ఒక్కటే. ఏడు దగ్గులూ ఫోనులోకి ఎక్కించుకుంది. ఎక్కించుకున్నంత మాత్రాన వినిపించాలని లేదుగా అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

గురువారం ఆస్పత్రిలో వాళ్ళ వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. చిన్న గది. డాక్టరు, ఆయన ఎదురుగా మామగారు, వెనక భర్త, గోడవార స్టూలు మీద అత్తగారు. కోడలు తలుపు దగ్గర నిలబడింది. డాక్టరు పొద్దుటినుంచీ మనుషుల్ని చూసి చూసి అలిసిపోయి ఉన్నాడు.

"ఏమిటి బాధ?"

"కొంచెం దగ్గండి."

"ఎన్నాళ్ళనుంచి?"

"పదిరోజులు," అన్నారు మామగారు, బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారమో చెప్పినంత తేలిగ్గా.

"సిగరెట్లు?"

"ఆరేళ్ళు మానేసి రెండు నెలలుగా మళ్ళీ మొదలెట్టాడండి," అన్నాడు భర్త. "మీరు కాస్త గట్టిగా చెప్పాలి."

డాక్టరు స్టెతస్కోపు పెట్టి ముందు రెండుచోట్ల, వెనక రెండుచోట్ల విన్నాడు. మామగారు ఊపిరి పీల్చీ పీల్చనట్టు పీల్చారు. పంటి బిగువున దగ్గు ఆపుకుంటున్నారని ఆయన మెడ నరాలు చూస్తే కోడలికి తెలిసిపోయింది. మైకు ముందు ఒక వాక్యం పూర్తయ్యేదాకా ఆయన అలాగే ఆపుతారు.

"పొగ తాగుతూ దగ్గొస్తోందంటే ఏం చెప్పను?" డాక్టరు చీటీ మీద రాయడం మొదలుపెట్టాడు. "ముందు అది మానండి. ఈ మందు వాడండి. పూర్తిగా మానేసిన నెల రోజులకి రండి. అప్పటికీ తగ్గకపోతే ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీయిద్దాం."

"తప్పకుండా మానేస్తానండి," అన్నారు మామగారు, ఎంతో వినయంగా. కుర్చీలోంచి సగం లేచారు కూడా.

నెల రోజులు. అసలు లేని సిగరెట్టు మానడానికి నెల రోజులు. కోడలు తలుపు దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకేసింది. ఇప్పుడు మాట్లాడితే ఆయన జన్మలో తనని క్షమించరేమో. మాట్లాడకపోతే క్షమించడానికి ఆయనుంటారో లేదో. డాక్టరు చీటీ చింపి అందించబోతున్నాడు.

"పదిరోజులు కాదండి," అంది.

అందరూ వెనక్కి తిరిగారు.

"ఏడు నెలలు. సిగరెట్టు కూడా అబద్ధం. ఆయన తాగడం లేదు."

"అమ్మాయ్!" అన్నారు మామగారు.

"నేను ఆయన రికార్డింగుల్లో దగ్గులు తీసేసే పని చేస్తానండి. రోజూ తీస్తాను. అందుకే ఎవరికీ తెలియలేదు." ఫోను తీసి డాక్టరు బల్లమీద పెట్టింది. "నెలకొకటి పెట్టాను. ఒక్క నిమిషం వినండి చాలు."

మొదటి దగ్గు వినిపించింది. రెండోది. చీటీ డాక్టరు చేతిలోనే ఉండిపోయింది. నాలుగోదానికి ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు. భర్త తన తండ్రి వీపు వంక చూస్తూ నిలబడ్డాడు, నోరు కొంచెం తెరుచుకుని. ఏడోది అయిపోయాక డాక్టరు, "ఆ చివరిది మళ్ళీ పెట్టండి," అన్నాడు. మళ్ళీ విన్నాడు. తర్వాత లేచి వచ్చి, మామగారి చొక్కా పైకెత్తి, కుడివైపు వీపు మీద స్టెతస్కోపు పెట్టాడు.

"ఊపిరి నిండా తీసుకోండి. గట్టిగా వదలండి. దగ్గొస్తే రానివ్వండి, ఆపకండి."

ఈసారి రెండుచోట్లతో సరిపెట్టలేదు. ఒకేచోట చాలాసేపు ఆగాడు. మామగారు ఇక ఆపుకోలేకపోయారు. దగ్గు ముంచుకొచ్చి, బల్ల అంచు పట్టుకుని, మొహం ఎర్రబడేదాకా దగ్గారు.

"బరువు తగ్గారా?"

"చొక్కాలు వదులయ్యాయి," అన్నారు మామగారు చిన్నగా.

"నొప్పి?"

ఆయన బొటనవేలు దానంతటదే వెళ్ళి భుజం కింద ఆ చోటు నొక్కింది.

"నిజం చెప్పండి. ఇప్పుడు సిగరెట్టు తాగుతున్నారా?"

"లేదండి. ఆరేళ్ళయింది."

డాక్టరు చేతిలో చీటీ మడిచి బుట్టలో వేశాడు. కొత్త కాగితం తీసుకున్నాడు. "ఎవరికైనా మూడు వారాలు దాటిన దగ్గుని వదిలెయ్యకూడదు. మీరు అన్నేళ్ళు పొగతాగిన మనిషి, మీరు అసలే వదిలెయ్యకూడదు. వెళ్ళి ఇప్పుడే ఫొటో తీయించుకు రండి."

"మానేసి ఆరేళ్ళయింది కదండీ," అన్నారు మామగారు మళ్ళీ, ఎవరో తనకి బాకీ ఉన్నట్టు.

"మంచిపని చేశారు. మానడం వల్ల ముప్పు తగ్గుతుంది. పోదు."

ఫొటో రావడానికి ముప్పావుగంట పట్టింది. డాక్టరు దాన్ని వెలుగు పలకకి తగిలించి, కుడివైపు పైభాగంలో పెన్నుతో చిన్న సున్నా చుట్టినట్టు చూపించాడు. మచ్చ ఉంది. అది ఏమిటన్నది దీన్ని బట్టి చెప్పనన్నాడు. రేపు పొద్దున్నే స్కాను, ఆ తర్వాత అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్ష. మంచిదే కావచ్చు, కాకపోవచ్చు, కాకపోయినా ముందుగా తెలిస్తే చెయ్యగలిగింది చాలా ఉంటుందన్నాడు. "ఇంకో నెల పోనివ్వకపోవడం మంచిదయింది," అని మాత్రం కోడలి వంక చూసి అన్నాడు.

భర్త స్కాను కాగితాలు రాయించడానికి కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళేముందు తండ్రి భుజం మీద చెయ్యి వేసి, ఒకసారి గట్టిగా నొక్కి వెళ్ళాడు. మిగిలిన ముగ్గురూ నడవాలో బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో మామగారు, చెరో పక్కన వీళ్ళిద్దరూ. ఎదురుగా గోడకి పచ్చరంగు సగందాకా వేసి ఉంది. చక్రాల కుర్చీ ఒకటి కిరకిరలాడుతూ వెళ్ళిపోయింది.

"మాట తప్పావమ్మాయ్," అన్నారు మామగారు, ఎదురుగోడ వంక చూస్తూ.

"తప్పాను మామయ్యా. మిగిలిన అధ్యాయాలు మేనేజరుగారు చదువుతారట. ఆ రూలు మీరు పెట్టిందేనట."

"ఆవిడ గొంతుతోనా?" అన్నారాయన. కోపమంతా ఆవిడ గొంతు మీదకి పోయింది. "నీమీదా కోపంగానే ఉంది," అన్నారు. "రేపటికి తగ్గుతుందేమో చూద్దాం."

కోడలు తలవంచుకుంది. అత్తగారికి కూడా ఏదో ఒకటి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో తిరుగుతూ ఆవిడ కళ్ళు కప్పింది. "అత్తయ్యా, నన్ను క్షమించండి. మంగళవారం మీరు మామయ్యని అన్ని మాటలంటుంటే నిజం తెలిసి కూడా నిలబడి చూశాను. ఆయన తాగలేదని మీకు చెప్పాల్సింది."

"నాకు తెలుసు," అన్నారు అత్తగారు.

మామగారు తల తిప్పి భార్యని చూశారు.

"ఏం తెలుసు?"

"మీరు కాల్చడం లేదని. ముప్ఫై నాలుగేళ్ళు ఆ కంపుతో కాపురం చేసినదాన్ని. మీ చొక్కాలు ఉతికేది నేను. పక్కన పడుకునేది నేను. రోజుకి ఒక్కటి తాగినా నాకు తెలియదా?" ఆవిడ గొంతు పెంచలేదు. చీర కొంగు చివర వేలికి చుడుతున్నారు, విప్పుతున్నారు. "అబ్బాయి సిగరెట్టు అనగానే, మీరు అవుననగానే, నాకు ప్రాణం లేచొచ్చింది."

"మరి అన్ని తిట్లు తిట్టావేమే?"

"తిట్టకపోతే నమ్మలేదని మీకు తెలిసిపోదూ? నమ్మకపోతే మరి ఆ దగ్గేమిటో నేను అడగాలి కదా. అడిగితే మీరు చెప్పాలి." కొంగు ముడి మళ్ళీ విప్పారు. "తిడుతున్నంతసేపూ అది సిగరెట్టేనండీ. గొంతు నెప్పెట్టేదాకా తిట్టాను."

కోడలు ఆవిడ వంక చూసింది. నాలుగేళ్ళుగా ఒకే వంటింట్లో పనిచేస్తూ ఆవిడని ఎప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదనిపించింది. కళ్ళ కింద నల్లటి చారలున్నాయి. అవి నిన్నటివో మొన్నటివో కావు.

మామగారికి మళ్ళీ దగ్గు వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నారుగాని, లేచి పక్కకి వెళ్ళలేదు. అయిపోయాక జేబురుమాలుతో మూతి తుడుచుకుని, "నాకు భయంగా ఉందే," అన్నారు భార్యతో. బస్టాండులో వేలమందికి వినిపించిన గొంతు, పక్కన కూర్చున్న ఇద్దరికి వినపడేంత మాత్రమే వచ్చింది.

"నాకూ ఉంది," అన్నారు అత్తగారు.

అప్పుడే భర్త కాగితాలు పట్టుకుని వచ్చాడు. వాళ్ళ ముగ్గురి మొహాలూ చూసి, ఏం జరిగిందో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

"రేపు ఎన్నింటికి రమ్మన్నారు?" అని అడిగారు మామగారు.

"ఎనిమిదింటికి నాన్నా."

"అయితే ఏడింటికే బయల్దేరదాం," అని ఆయన ముందు లేచి, కాగితాలు కొడుకు చేతిలోంచి తన చేతిలోకి తీసుకున్నారు.